అట్లాంటిక్ జెయింట్ గుమ్మడి గింజలు: కాయ కన్నా తీగతోనే పని ఎక్కువ

5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది గింజల వల్ల కాదు, ప్యాకెట్ వెనక రాసిన సలహా వల్ల.

మేముండేది న్యూజెర్సీలో, ఇంటి వెనక కాస్త పెరడు ఉంది. 2023లో కాలిఫోర్నియా హాఫ్ మూన్ బే పోటీలో 2,749 పౌండ్ల గుమ్మడికాయ, అంటే దాదాపు 1,247 కిలోలది, ప్రపంచ రికార్డు కొట్టిందని చదివినప్పటి నుంచీ నాకు ఇదే పిచ్చి. ఇలాంటి కాయలన్నీ కెనడాలోని నోవా స్కోషియాలో హోవర్డ్ డిల్ అనే రైతు తయారుచేసిన అట్లాంటిక్ జెయింట్ రకం వంశమే. ఆన్‌లైన్‌లో ఐదు గింజల ప్యాకెట్ తెప్పించాను. గింజ అంచుల్ని గోళ్లు అరగదీసే ఆకురాయితో కొంచెం గీకి (మొన వైపు ముట్టుకోకూడదు, మొలక అక్కణ్ణుంచే వస్తుంది), ఒక గంట నానబెట్టి, ఏప్రిల్ చివర్లో ఇంట్లోనే కుండీల్లో పెడితే నాలుగు మొలిచాయి. ఆ విషయంలో వంక పెట్టడానికేం లేదు.

ప్యాకెట్ మీద మొక్కకీ మొక్కకీ ఆరడుగులు వదలమని ఉంది. నమ్మకండి. పోటీలకి పెంచేవాళ్లు ఒక్క పాదుకే 500 చదరపు అడుగులు, ఇంకా ఎక్కువ కూడా ఇస్తారు. జూన్ దాటాక ఇది పాకడం మొదలుపెడితే పొద్దున చూసిన చోట సాయంత్రం ఉండదు. నేను మూడు మొక్కలు పీకేసి ఒక్కటే ఉంచాను, అయినా అది కంచె దాటి పక్కింటి లాన్‌లోకి పోయింది.

అసలు పనంతా తీగతోనే. ప్రతి గణుపు దగ్గరా మట్టి కప్పాలి, అక్కడ కొత్త వేర్లు దిగి కాయకి తిండి పంపుతాయి. పక్క తీగలు పదీ పన్నెండు అడుగులు రాగానే కొస తుంచేయాలి, వాటి నుంచి వచ్చే పిల్ల తీగల్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. పొద్దున్నే మగ పువ్వు రేకులు తీసేసి ఆడ పువ్వులో రుద్దాలి, ఒక్క పిందె నిలబడ్డాక మిగతావన్నీ కోసేయాలి. అప్పుడే ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు అది చూసి "ఇదేం సేద్యమమ్మా, చేతికొచ్చిన పిందెల్ని తెంపి పారేస్తావా" అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకూ మనసొప్పక ఒక పిందెని వదిలేశాను, అదే తర్వాత ఆదుకుంది.

ఎందుకంటే పెద్ద కాయ బాస్కెట్‌బాల్ సైజు దాటాక ఒక పొద్దున చూస్తే తొడిమ తీగకి అతుక్కున్న చోట బొటనవేలంత చీలిక, అందులోంచి నీళ్లలా కారుతోంది. కాయ ఊరేకొద్దీ దాని భుజం తీగని పైకి నెడుతుంది. కాయ చుట్టుపక్కల రెండు మూడడుగుల వరకూ తీగని వేరూననివ్వకుండా, కొంచెం కొంచెంగా పక్కకి వంచుకుంటూ పోవాలి. నేను అక్కడ కూడా శుభ్రంగా మట్టి కప్పి కట్టేసినట్టు చేశాను, తప్పు నాదే. మా అత్తగారు మాత్రం "నువ్వు వచ్చినవాళ్లందరికీ వేలు పెట్టి చూపించావు, అందుకే పోయింది" అని తేల్చేశారు.

రెండో కాయకి అడుగున ఇసుక పోశాను, పైన పాత దుప్పటి కప్పాను, తీగ వదులు చేశాను. ఆగస్టులో ఆకులకి బూడిద తెగులు వచ్చినా టేపుతో కాయని కొలిచి బరువు అంచనా కడితే దగ్గర దగ్గర 200 పౌండ్లకి వచ్చింది. కూరకని మాత్రం కొనకండి, దప్పళం పెడితే ముక్క నీళ్లు కారింది, తీపి లేదు.

వచ్చే ఏడు మళ్లీ ఇవే గింజలు, ఒక్క పాదే. కాయ చూపించేటప్పుడు మా ఇంట్లో అందరూ వేలు మడిచే చూపిస్తున్నారు, నాతో సహా.