సైకిలుకి ఫోను హోల్డరు: దొంగ చేతికి చిక్కనిది ఏది, మన చేతికి అందేది ఏది?

తెల్లారి ఐదున్నరకల్లా సైకిలెక్కుతాను. అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకి వెళ్లి రక్తం శాంపిల్స్ తీసుకుని ల్యాబ్‌లో అప్పగించడం నా పని. షుగర్ పరీక్షకి పరగడుపున ఉన్న పెద్దవాళ్లు కాఫీ కూడా తాగకుండా నాకోసం కూర్చుని ఉంటారు. వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ కాలవ గట్ల మీద తిరుగుతుంటే నాకే బాధగా ఉంటుంది. "కొబ్బరితోట దాటాక రెండో వంతెన దగ్గర కుడిపక్కకి దిగండి" అని చెబుతారు. కోనసీమలో ఆ గుర్తుతో వెళ్తే ఏ ఊరికైనా చేరొచ్చు. అందుకే లొకేషన్ కళ్లెదురుగా ఉండాలి, ఫోను హ్యాండిల్ మీద ఉండాలి.

నాలుగేళ్లలో నాలుగు రకాల హోల్డర్లు వాడాను. దొంగతనం అని ఒక్కమాటలో అనేస్తాం గానీ, హోల్డరు కొనేముందు దాన్ని విడదీసి చూసుకోవాలి. సైకిలు ఆపి లోపలికి వెళ్లినప్పుడు ఫోను పోవడం ఒకటి. ఫోను జేబులోనే ఉన్నా బయట హోల్డరు పోవడం ఇంకొకటి. తొక్కుతుండగా పక్కన మోటారుసైకిల్ మీద వచ్చినవాడు లాక్కుపోవడం మూడోది. మా డెల్టాలో వీటికి తోడు నాలుగోది కూడా ఉంది, కాలవ. గతుకులో ఎగిరిన ఫోను కాలవలో పడితే దాన్ని ఏ పోలీసూ తెచ్చివ్వలేడు. ఏ హోల్డరైనా ఈ నాలుగింటికీ ఒకేలా పనికిరాదు. ఒకదానికి గట్టిదైతే ఇంకొకదానికి వదులే.

అన్నిటికన్నా చవక సిలికాన్ బ్యాండు. హ్యాండిల్‌కి చుట్టి, ఫోను నాలుగు మూలలకీ సాగదీసి తొడుగుతాం. నూటయాభై రూపాయలకి వచ్చేస్తుంది, స్క్రూ లేదు, పానా అక్కర్లేదు. లాక్కునేవాడికి ఇది ఏమాత్రం అడ్డు కాదు. అయినా నేను దీన్ని తీసిపారేయను. దిగగానే బ్యాండుతో సహా విప్పి జేబులో వేసుకుంటే సైకిలు మీద పోవడానికి ఏమీ మిగలదు. దీని అసలు లోపం సాగడం. రోజూ లాగీ లాగీ మూలల దగ్గర సన్నటి చీలిక వస్తుంది. మాతో పనిచేసే కుర్రాడు ఆ చీలిక చూసి కూడా "ఇంకో వారం వస్తుందిలే" అనుకున్నాడు. గట్టు మీద కొబ్బరి డొక్క మీదకి చక్రం ఎక్కింది, ఫోను కాలవలో పడింది. వేసవిలో కాలవలు కట్టేసే రోజులైతే బురదలోనైనా దొరికేది. అప్పుడు దాళ్వా (రెండో పంట వరి)కి నిండుగా పారుతోంది. అప్పటికి ఆ ఫోను కొని రెండు నెలలు, ఇంకా వాయిదాలు కడుతున్నాడు.

రెండోది బజార్లో ఎక్కువగా కనిపించే స్ప్రింగు గోళ్ల హోల్డరు. నాలుగు గోళ్లు నాలుగు మూలలని పట్టుకుంటాయి, కిందిభాగాన్ని చేత్తో తిప్పే నాబ్‌తో హ్యాండిల్‌కి బిగిస్తాం. పట్టు బాగానే ఉంటుంది. నా మొదటి హోల్డరు ఇదే. ఒక అపార్ట్‌మెంట్ కింద సైకిలు పెట్టి మూడో అంతస్తుకి వెళ్లాను. పెద్దావిడకి నరం దొరకలేదు, పదినిమిషాలు పట్టింది. దిగి వచ్చేసరికి ఫోను నా జేబులోనే ఉంది, హ్యాండిల్ మాత్రం బోసిగా ఉంది. పోయింది మూడొందల వస్తువే, కానీ ఆ పూట మిగిలిన ఏడు ఇళ్లూ ఫోను చేత్తో పట్టుకుని ఒంటిచేత్తో తొక్కాను. ఎదురుగా వడ్ల ట్రాక్టరు వస్తే ఒంటిచేత్తో గట్టు అంచుకి తప్పుకోవడం ఎంత ప్రమాదమో ఆరోజు తెలిసింది. చేత్తో బిగించేదాన్ని ఎవరి చేయైనా విప్పుతుంది. అప్పటినుంచి నాబ్ ఉన్న హోల్డరు నేను కొనలేదు.

మూడోది అల్యూమినియం హోల్డరు. ప్రకటనల్లో 'యాంటీ థెఫ్ట్' అని రాసేది ఎక్కువగా దీనిమీదే, కాబట్టి కాస్త ఆగి చూడాలి. ఇందులో రెండు రకాలున్నాయి. కొన్నిటిలో హ్యాండిల్‌ని పట్టుకునే కడియం ఒక్కటే ఎలెన్ కీతో, అంటే ఆరుపలకల కీతో బిగుస్తుంది. ఇవి మంచివి. ఇంకొన్నిటిలో ఫోనుని పట్టుకునే దవడలు కూడా ఎలెన్ కీతోనో తాళంచెవితోనో బిగుసుకుంటాయి, అంటే ఫోనే సైకిలుకి కట్టేసినట్టు. వినడానికి ఇదే అన్నిటికన్నా భద్రం అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని కొన్నాను.

వాడిన వారంలోనే మనసు మారింది. ఒక పూటలో పది పన్నెండు ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ కీ తీసి, విప్పి, మళ్లీ బిగించాలి. నాలుగోరోజుకి "రెండు నిమిషాలే కదా, తాళం ఉంది కదా" అని ఫోను దానిమీదే వదిలి లోపలికి వెళ్లడం మొదలుపెట్టాను. ఏమీ పోలేదు. కానీ బయటికొచ్చి సైకిలు చూసుకున్న ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఫోనుకి వేసిన తాళం దొంగని ఆపడంకన్నా ముందు మనల్ని బద్ధకస్తుల్ని చేస్తుంది. పైగా తెలిసిన దొంగ తాళంతో పెనుగులాడడు, ఫోను అంచు పట్టుకుని మెలిపెడతాడు. అల్యూమినియం నిలబడుతుంది గానీ గాజు నిలబడదు. వాడికి దక్కినా దక్కకపోయినా నాకు మిగిలేది పగిలిన ఫోనే.

ఇక నాలుగోది తిప్పి బిగించే రకం, ట్విస్ట్ లాక్ అంటారు. ఆస్ట్రేలియా కంపెనీ క్వాడ్ లాక్ వల్ల ఈ పద్ధతికి పేరొచ్చింది. ఎస్‌పీ కనెక్ట్, పీక్ డిజైన్ లాంటివాళ్లు తమ పద్ధతుల్లో ఇలాంటివే చేస్తున్నారు. క్వాడ్ లాక్‌లో ఫోను కవరు వెనక ఒక గాడి ఉంటుంది. దాన్ని హోల్డరు తల మీద ఏటవాలుగా పెట్టి తిప్పితే టక్కుమని పడుతుంది. తీయాలంటే కింది రింగుని నొక్కిపెట్టి తిప్పాలి. తాళం ఏమీ లేదు, తెలిసినవాడు ఎవడైనా తీయగలడు. అయితే నొక్కడం, తిప్పడం రెండూ కలవాలి కాబట్టి గతుకులకి దానంతటది ఊడదు, మోటారుసైకిల్ మీద పోతూ ఒక్క గుంజుతో లాక్కోవడం కూడా తేలిక కాదు. నాకు మాత్రం అలవాటైన చేత్తో రెప్పపాటులో వచ్చేస్తుంది. స్టాండు వేసే లోపే ఫోను జేబులో ఉంటుంది. దీనిలో నాకు నచ్చింది ఇదే.

ధర దీనికి పెద్ద అడ్డు. పేరున్న కంపెనీవి కవరుతో కలిపి మూడు నాలుగు వేలు దాటిపోతాయి. మనలో చాలామంది వాడే ఫోన్లకి వాళ్లు కవర్లు చేయరు కూడా. అప్పుడు కవరు వెనక అంటించే బిళ్ల కొనుక్కోవాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. మెత్తటి సిలికాన్ కవరుకి ఆ బిళ్ల అంటదు, అంటినట్టే ఉండి ఒకరోజు ఊడొస్తుంది. గట్టి ప్లాస్టిక్ కవరు తీసుకుని, స్పిరిట్ దూదితో జిడ్డు లేకుండా తుడిచి, ఆరాక అంటించి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. మా ఉక్కపోతలో చెమటచేతులతో అంటిస్తే నిలవదు, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు అంటించండి. చవక నకళ్లూ దొరుకుతాయి. కొనేముందు ఫోను బిగించి గట్టిగా ఊపి చూడండి, కిటకిట చప్పుడొస్తే వద్దు.

హ్యాండిల్ దగ్గర పైగొట్టం మీద కట్టే సంచులు కూడా ఉన్నాయి, పైన పారదర్శకంగా ఉండి లోపల ఫోను పెట్టుకునేవి. తుపాను ముసురులో బాగానే పనికొస్తాయి. ఎండలో మాత్రం లోపల ఫోను కాగిపోతుంది. ఐఫోను వాడడానికి 35 డిగ్రీల దాకానే తగిన వేడి అని ఆ కంపెనీయే చెబుతుంది. మే నెలలో మన గాలే అంతకన్నా వేడి, ఇక మూసిన సంచి సంగతి చెప్పక్కర్లేదు. వెల్‌క్రో పట్టీ లాగితే సంచి మొత్తం వచ్చేస్తుంది కూడా.

ఇప్పుడు స్క్రూల సంగతి, అంటే మరల సంగతి, హోల్డరుకన్నా ముఖ్యమైనది. మూడో రకమైనా నాలుగో రకమైనా కడియాన్ని పట్టుకునేది ఎక్కువగా ఎలెన్ మరే. ఎలెన్ కీ ప్రతి సైకిలు షాపులోనూ ఉంటుంది, దొంగ జేబులోనూ ఉండొచ్చు. మధ్యలో చిన్న పుల్ల ఉన్న నక్షత్రం గుంత మరలు దొరుకుతాయి, వాటికి మధ్యలో రంధ్రమున్న కీ కావాలి. హెక్స్‌లాక్స్ అని బెర్లిన్ వాళ్లు ఎలెన్ గుంతలో అయస్కాంతంతో కూర్చునే బిళ్ల చేస్తారు, దాన్ని వాళ్ల తాళంచెవితోనే తీయాలి. ఇవేవీ లేకుండా మా సైకిలు షాపు బాబాయ్ నాకు ఒక ఉపాయం చెప్పాడు. హోల్డర్లకి ఎక్కువగా వచ్చే 5 మిల్లీమీటర్ల మరకి తల మీద 4 మిల్లీమీటర్ల గుంత ఉంటుంది. కొన్ని సైకిళ్ల హ్యాండిల్ కప్పుల్లో వేసే 5/32 అంగుళం ఉక్కు బాల్ అందులో సరిగ్గా దిగుతుంది.

"ఒక్క బాల్ వేసి పైన ఫెవిక్విక్ చుక్క వెయ్యవయ్యా. కీ దిగదు, వాడు ఇంకో సైకిలు చూసుకుంటాడు" అన్నాడు.

"మరి నాకు విప్పాల్సొస్తే బాబాయ్?"

"గోళ్ల రంగు తీసే మందు ఉంటుంది కదా, ఆ చుక్కలు వేసి కాసేపు ఆగితే వచ్చేస్తుంది. ఇంట్లో అడుగు."

ఆ మందుల్లో చాలావాటిలో ఉండే అసిటోన్‌కి ఫెవిక్విక్ కరుగుతుంది. ఏడాదిన్నరగా నా సైకిలుకి అలాగే ఉంది. బాల్ ఖర్చు చెప్పుకోదగ్గది కాదు. ఒక్క జాగ్రత్త, అసిటోన్ ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది, కాబట్టి దూదిపుల్లతో మర తల మీదే వేయాలి. మర కూడా స్టెయిన్‌లెస్ స్టీలుదే వేయించండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుప మర తుప్పెక్కి, మనకే విప్పడానికి రాకుండా పోతుంది.

కొలత కూడా చూసుకోవాలి. హ్యాండిల్ మధ్యభాగం పాత సైకిళ్లకి ఎక్కువగా 25.4 మిల్లీమీటర్లు, కొత్త గేర్ల సైకిళ్లకి 31.8. చేతిపిడుల వైపుకి పోతే 22.2. వదులుగా ఉంటే సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించాలి. కడ్డీ బ్రేకుల సైకిలైతే హోల్డరు ఆ కడ్డీలకి తగలకుండా పెట్టించండి, బ్రేకు తగులుకుందంటే దొంగతనంకన్నా పెద్ద ప్రమాదం.

కాలవ కోసం నేను చేసింది ఒక్కటే. చేపల వలలు అమ్మే కొట్లో నైలాన్ తాడు జానెడు కొని, ఒక కొస ఫోను కవరుకీ ఇంకో కొస చిన్న కొక్కేనికీ కట్టాను. కొక్కెం హ్యాండిల్‌కి తగులుకుంటుంది. దాన్ని మణికట్టుకి మాత్రం కట్టుకోకండి, ఎవడైనా బండి మీదనుంచి లాగితే మనిషే పడిపోతాడు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కినప్పుడు తాడూ హోల్డరూ ఏవీ నమ్మను. బండ్లూ సైకిళ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, రేవు తగిలేసరికి ఒక్క కుదుపు, కింద గౌతమీ గోదావరి. ఫోను చొక్కా లోపలి జేబులోకి పోవాల్సిందే. కనుమరోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం జనంలోకి వెళ్లినా అంతే.

ఇన్ని చేసినా పోతే పోవచ్చు. *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు, అంటే ఫోను గుర్తింపు నంబరు, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదుతో పాటు కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ నంబరుని బ్లాక్ చేయించవచ్చు, ఇది 2023 మే నుంచి దేశమంతా ఉంది. సిమ్‌కి పిన్ పెట్టండి, లేకపోతే సిమ్ ఇంకో ఫోనులో వేసి ఓటీపీలు చదువుకుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో లాక్కుపోయిన కదలికని పసిగట్టి తెరకి తాళం వేసే సదుపాయం వచ్చింది, సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేయండి. ఖాతాలో డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి.

నాలా పూటకి పదిచోట్ల ఆగేవాళ్లకి నా సలహా ట్విస్ట్ లాకే, కింది మరలో బాల్ వేసి. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే సిలికాన్ బ్యాండు కొని, ఆరునెలలకోసారి మార్చండి, దిగినప్పుడల్లా బ్యాండు కూడా తీసేయండి. ఈ రెంటి మధ్యలో ఉన్న గోళ్ల హోల్డరు, ఫోనుకి తాళం వేసే హోల్డరు నేను ఎవరికీ చెప్పను.

మా చెల్లెలి కూతురు ఇంటర్‌కి అమలాపురం సైకిలు మీదే వెళ్తుంది. మొన్న "మావయ్యా, నాకూ నీలాంటి హోల్డరు కొనిపెట్టవా" అంది. దాని దారి దానికి కళ్లుమూసుకున్నా తెలుసు, సైకిలు పొద్దున్నించి సాయంత్రం దాకా స్టాండులోనే ఉంటుంది. హోల్డరు కొనలేదు. పుస్తకాల సంచి లోపలి జిప్పు అరలో ఫోను పెట్టుకోమన్నాను. దూరం ఊరు వెళ్లాల్సొస్తే మ్యాప్స్‌లో తెలుగు గొంతు పెట్టుకుని వినమని చూపించాను. హోల్డరుకని దాచిన డబ్బుతో దాని సైకిలుకి కొత్త తాళం, వెనక ఎర్ర లైటు వేయించాను.