తలలో డీఎల్‌ఈ మచ్చలు: ఇంజెక్షన్లా, మాత్రలా?

బయాప్సీలో డిస్కాయిడ్ లూపస్ (డీఎల్‌ఈ, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే చర్మం మీద దాడిచేసి మచ్చలు తెచ్చే జబ్బు) అని తేలింది, డాక్టరు రెండు దారులూ చెప్పారు, ఏది మేలు? ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. ఒకటి, మచ్చలోకే నేరుగా ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. రెండోది, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర. కరోనా మొదటి ఏడాది అందరి నోళ్లలో నానిన హెచ్‌సీక్యూ అదే. నాకూ ఇదే జబ్బు, నేను మాత్రల వైపే వెళ్లాను. నా మొగ్గు ఎటో తెలిసిపోయింది కదా, అయినా ఇంజెక్షన్‌కు రావాల్సిన మార్కులు కొయ్యను.

ఇంకా పేనుకొరుకుడే అనుకుని గురివింద గింజ అరగదీసి పూస్తున్నవాళ్లుంటే, అది ఆపి ముందు స్కిన్ డాక్టరుకు చూపించండి. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, కుదుళ్లు బతికే ఉంటాయి, చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. డీఎల్‌ఈ మచ్చ ఎర్రగా, పొలుసులు కట్టి ఉంటుంది. పాతబడేకొద్దీ మన చర్మం మీద నడుమ తెల్లబడి, అంచు నల్లబడుతుంది. లోపలి వాపు కుదుళ్లను నాశనం చేస్తుంది. అలా పోయిన చోట ఏ మందు వాడినా వెంట్రుక మొలవదు. కాబట్టి రెండింటినీ తూచాల్సింది ఒక్క దానితోనే: మిగిలిన కుదుళ్లను ఎంత త్వరగా, ఎంతకాలం కాపాడుతుంది?

త్వరగా అంటే ఇంజెక్షనే. మందు వాపు ఉన్నచోటే దిగుతుంది కాబట్టి సాధారణంగా కొన్ని వారాల్లోనే ఎరుపు, దురద తగ్గుతాయి. హెచ్‌సీక్యూ పనిచేయడం మొదలవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా "ఏమీ తేడా లేదు" అని మానేసేవాళ్లు బోలెడుమంది. కానీ ఇంజెక్షన్ వేసిన చోట మాత్రమే పనిచేస్తుంది. రేపు చెవి గుంటలోనో బుగ్గ మీదో కొత్త మచ్చ లేస్తే దానికి ఇది అక్కరకు రాదు. సూది ఎంత సన్నదైనా తల మీద నొప్పి నొప్పే. మోతాదు ఎక్కువైతే చర్మం పలచబడి గుంట పడొచ్చు, రంగు తగ్గొచ్చు.

ఇవన్నీ అందరూ చెప్పేవే. నా లెక్కలో అసలు విషయం వేరు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, నెలల తరబడి, తప్పకుండా డాక్టరు దగ్గరకు వెళ్లగలరా? హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే సరే. మండలంలో ఉండేవాళ్లకు స్కిన్ డాక్టరు అంటే చాలాసార్లు జిల్లా కేంద్రమే. బస్సు, ఓపీ దగ్గర క్యూ, ఆ రోజు కూలి పోవడమో సెలవు పెట్టడమో. మొదటి రెండుసార్లు శ్రద్ధగానే వెళ్తారు. తర్వాత నాట్లు, చుట్టాలింట్లో పెళ్లి, పిల్లల పరీక్షలు. ఈలోగా మచ్చ అంచు మళ్లీ ఎర్రబడుతుంది, ఇంకో వరస కుదుళ్లు పోతాయి. మాత్రకు ఈ తిప్పలు తక్కువ. అన్నం తిన్నాక వేసుకోవడమే, చెకప్‌కు డాక్టరు చెప్పినప్పుడు వెళ్తే చాలు.

"కళ్లు పోతాయట కదా?" అని వెంటనే అడుగుతారు. ఉట్టి పుకారు కాదు, రెటీనా (కంటి లోపలి తెర) దెబ్బతినే ప్రమాదం నిజమే. అయితే అది మోతాదును, వాడిన ఏళ్లను బట్టి ఉంటుంది. అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులో ఉంటే మొదటి ఐదేళ్లలో ప్రమాదం 1 శాతం లోపు, పదేళ్లకు 2 శాతం లోపు. ఇరవై ఏళ్లు దాటితే మాత్రం 20 శాతం దాకా వెళ్తుంది. కాబట్టి మొదటి ఏడాదిలోనే ఒకసారి కళ్లు చూపించుకోవాలి, ఐదేళ్ల తర్వాత ఏటా ఓసీటీ (రెటీనా స్కాన్), విజువల్ ఫీల్డ్ (చూపు ఎంత మేర ఆనుతుందో చూసేది) పరీక్షలు. కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టాలి. చీటీలో రోజుకు 400 అని ఉంటే మీ బరువు ఎంతో చూసుకోండి: ఆ మోతాదు 80 కిలోల మనిషికి సరిపోతుంది. 60 కిలోలవాళ్లకు ఒకరోజు 200, మరుసటి రోజు 400 ఇవ్వడం మామూలే. మీ అంతట మీరు తగ్గించుకోవద్దు, బరువు చెప్పి డాక్టరునే అడగండి.

పెళ్లయిన, కాబోతున్న ఆడపిల్లలకు ఇంకో మాట. గర్భం వచ్చినా హెచ్‌సీక్యూను సాధారణంగా కొనసాగిస్తారు. కంగారుపడి ఆపేయకుండా డాక్టరుకు చెప్పండి.

ఎండలో తిరిగితే మాత్రం రెండూ ఓడిపోతాయి. గొడుగు, టోపీ, చున్నీ, జుట్టు పోయిన చోట సన్‌స్క్రీన్ తప్పవు. బీడీ, సిగరెట్ మానని వాళ్లలో ఈ జబ్బు మొండికేస్తుంది. తిరుమల గుండు మొక్కు ఉన్నవాళ్లు మచ్చ చురుగ్గా ఉన్నప్పుడు వెళ్లకండి. కత్తి గీసుకున్నా, బోడి తలకు ఎండ తగిలినా మచ్చ రేగొచ్చు. మూడు కత్తెర్లతో సరిపెట్టుకోవచ్చు, స్వామి ఏమీ అనుకోడు.

మిగతావి చప్పున చెప్పేస్తాను. క్లోబెటసాల్ లోషన్ దాదాపు అందరికీ రాస్తారు, చిన్న మచ్చకు ఒక్కోసారి అదే సరిపోతుంది. టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ముఖానికి బాగుంటుంది, జుట్టులో జిడ్డు. మెథోట్రెక్సేట్ లాంటి, రక్షణ వ్యవస్థను అణిచే మందులు ఇవేవీ పనిచేయనప్పుడు. జుట్టు నాటించుకోవడం గురించి, మచ్చ ఏడాదికి పైగా పూర్తిగా చల్లారి ఉంటే తప్ప ఆలోచించొద్దు.

మచ్చ ఒక్కటే, కొత్తది, డాక్టరు ఊళ్లోనే ఉన్నారు అంటే నేనూ ఇంజెక్షనే అంటాను. మచ్చలు రెండు మూడు చోట్ల ఉన్నా, చెవులకు, ముఖానికి పాకినా మాత్ర మొదలుపెట్టడమే నయం. మొదటి రెండు మూడు నెలలు ఎలాగోలా తిరగగలిగితే, మాత్ర పనిచేయడం మొదలయ్యేదాకా ఇంజెక్షన్లు కూడా కలిపి ఇస్తారేమో డాక్టరును అడగండి. చాలామంది అలా ఇస్తారు.