కాషే: ‘రెండు గంటలు దండగ’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను

2008లో ఆఫీసులో నా స్నేహితురాలు ఇచ్చిన డీవీడీలో ఈ సినిమా మొదటిసారి చూశాను. మంచి ఫ్రెంచ్ సస్పెన్స్ అంది. చివర్లో పేర్లు పడుతుంటే ఒళ్లు మండిపోయింది. ఇంతసేపు కూర్చోబెట్టి, చేసిందెవరో చెప్పకుండా వదిలేస్తారా? మర్నాడు డీవీడీ తిరిగిచ్చేస్తూ రెండు గంటలు దండగ అన్నాను. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను. పోయిన నెల మళ్లీ చూశాను. ఎందుకు మనసు మారిందో చెప్పాలంటే ముగింపుతో సహా కథంతా చెప్పక తప్పదు. కథ ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

‘కాషే’ అంటే దాచినది అని అర్థం. 2005లో వచ్చింది. తీసినది ఆస్ట్రియా దర్శకుడు మిఖాయెల్ హానెకె. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి దీనికే ఇచ్చారు. పారిస్‌లో ఉండే జార్జ్ (డానియెల్ ఓతేయ్) టీవీలో పుస్తకాల మీద చర్చా కార్యక్రమం నడుపుతాడు. భార్య ఆన్ (జూలియెట్ బినోష్) ప్రచురణ సంస్థలో పనిచేస్తుంది. పన్నెండేళ్ల కొడుకు పియెరో. ఒకరోజు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ సంచీలో వీడియో క్యాసెట్ దొరుకుతుంది. ఎదురు సందులోంచి వాళ్ల ఇంటినే కదలకుండా తీసిన వీడియో. బెదిరింపు లేదు, డబ్బు అడగడమూ లేదు. తర్వాత చిన్నపిల్లలు గీసినట్టున్న బొమ్మలు కూడా వస్తాయి: నోట్లోంచి రక్తం కారుతున్న ముఖం, మెడ తెగిన కోడిపుంజు.

ఆ బొమ్మలు చూడగానే జార్జ్‌కి మజీద్ గుర్తొస్తాడు. మజీద్ తల్లిదండ్రులు అల్జీరియన్లు, జార్జ్ వాళ్ల పొలంలో పనిచేసేవారు. 1961 అక్టోబరు 17న పారిస్‌లో ఊరేగింపుకని వెళ్లి తిరిగి రాలేదు. ఆ రాత్రి నిజంగా జరిగింది. అల్జీరియా అప్పటికింకా ఫ్రాన్స్ ఏలుబడిలోనే ఉంది. అల్జీరియన్ల మీద పెట్టిన కర్ఫ్యూకి నిరసనగా రోడ్డెక్కినవాళ్లను, పారిస్ పోలీసు అధిపతి మోరిస్ పపోన్ కింద పనిచేసే పోలీసులు చావబాదారు. కొందరిని సేన్ నదిలోకి తోసేశారు. ఎంతమంది పోయారన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. సినిమాలో జార్జ్ దాదాపు 200 అంటాడు. అది జరిగిందని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకోవడానికి 2012 దాకా పట్టింది. సినిమాలో ఈ సంగతి నాలుగైదు వాక్యాల్లో దాటిపోతుంది. మొదటిసారి అది నా చెవిన పడలేదు, క్యాసెట్లు పంపేవాడి కోసం కాపు కాస్తున్నాను మరి.

దిక్కులేనివాడైన మజీద్‌ను పెంచుకుందామనుకుంటారు జార్జ్ అమ్మానాన్నలు. ఆరేళ్ల జార్జ్‌కి అది ఇష్టం లేదు. మజీద్ రక్తం కక్కుతున్నాడని ఇంట్లో చెబుతాడు. అది పారలేదు. నాన్న చంపమన్నాడని చెప్పి మజీద్ చేత కోడిపుంజు మెడ నరికించి, నన్ను భయపెట్టడానికి చేశాడంటాడు. మజీద్‌ను అనాథాశ్రమానికి పంపించేస్తారు.

మళ్లీ ఎందుకు చూశానంటే, ఒక సైకిల్ వల్ల. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఈ ఏడాది నేను సెక్రటరీని. సెల్లార్‌లో పెట్టిన పిల్లాడి కొత్త సైకిల్ కనబడలేదని ఒక ఫ్లాట్ వాళ్లు ఫిర్యాదు చేశారు. సీసీ కెమెరా ఫుటేజీ ముందేసుకుని రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. గేటు, స్తంభాలు, ఖాళీ రోడ్డు. అలా చూడగా చూడగా, వచ్చేపోయే ప్రతి మనిషీ దొంగలాగే కనిపించడం మొదలైంది. మా వాచ్‌మన్ కొడుకు, తొమ్మిదో తరగతి పిల్లాడు, రెండుసార్లు సెల్లార్ వైపు వెళ్లాడు. వాడు ఉండేదే అక్కడ. అయినా పొద్దున్నే వాచ్‌మన్‌ని పిలిచి, “నిన్న సాయంత్రం మీవాడు ఎక్కడున్నాడు?” అని అడిగాను. మధ్యాహ్నానికి సైకిల్ దొరికింది. ఆ ఫ్లాట్ వాళ్ల పిల్లాడే ట్యూషన్ దగ్గర మర్చిపోయి, స్నేహితుడి బండి మీద ఇంటికొచ్చాడు. వాచ్‌మన్‌కి సారీ చెప్పాను. “పర్లేదు మేడమ్” అన్నాడు. కొడుకు వెనకాలే నిలబడి ఉన్నాడు. లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికి వచ్చేవాడు, ఇప్పుడు రావడం లేదు.

ఆ వారమే మళ్లీ ‘కాషే’ పెట్టుకున్నాను. మొదటి దృశ్యమే నన్ను పట్టేసింది. ఒక వీధి, ఒక ఇల్లు, కదలని కెమెరా, మీద చిన్న అక్షరాల్లో పేర్లు. కాసేపటికి గొంతులు వినిపిస్తాయి, తెర మీద గీతలు పడతాయి, బొమ్మ వెనక్కి తిరుగుతుంది. మనం ఇంతసేపూ చూసినది వీధిని కాదు, జార్జ్ ఇంట్లో ఆడుతున్న క్యాసెట్‌ని. సినిమాలో ఎక్కడా సంగీతం లేదు. ఎవరిని చూడాలో, ఎవరిని అనుమానించాలో చెప్పేవాళ్లుండరు. ఆ పని మనమే చేస్తాం. ఆ రాత్రి సీసీ కెమెరా ఫుటేజీ ముందు నేను చేసినదీ అదే.

జార్జ్ మజీద్ ఉండే చిన్న ఫ్లాట్‌కి వెళ్లి బెదిరిస్తాడు. పోలీసుల చేత మజీద్‌నీ అతని కొడుకునీ పట్టిస్తాడు. ఆధారం ఏమీ లేదు. తర్వాత మజీదే పిలిపిస్తాడు. నీ ముందే జరగాలని పిలిచానంటూ గొంతు కోసుకుంటాడు. అయిదు సెకన్లు కూడా పట్టదు. కెమెరా ఉన్నచోటే ఉంటుంది. మోరిస్ బెనిషూ మజీద్‌గా వేశాడు. అంత మెత్తగా మాట్లాడే మనిషి అలా పడిపోవడం చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జార్జ్ అక్కడినుంచి సినిమా హాలుకి వెళతాడు. తర్వాత ఒకరోజు ఇంటికొచ్చి రెండు మాత్రలు వేసుకుని, కర్టెన్లు మూసి పడుకుంటాడు. ఒక్కసారి కూడా తప్పయిందని అనడు. 2008లో ఈ భాగమంతా సాగదీత అనుకున్నాను. సినిమా ఉన్నదే ఇక్కడ.

ఆ వెంటనే వచ్చే దృశ్యం ఇంకా గట్టిది. పాత పొలంలో కొట్టం లోపలినుంచి దూరంగా చూపిస్తారు. కారొస్తుంది, చిన్న మజీద్ ఏడుస్తూ పరిగెడతాడు, పట్టుకుని ఎక్కించుకుపోతారు. దగ్గరికి వెళ్లి వాడి ముఖం చూపించరు.

నచ్చనిదొకటి అప్పుడూ ఉంది, ఇప్పుడు ఇంకా పెరిగింది. మజీద్ జీవితం మనకు తెలియదు. ఏం పని చేశాడు, భార్య ఎవరు, ఆ అనాథాశ్రమంలో ఎలా బతికాడు? జార్జ్ ఉన్నచోటే మజీద్ ఉంటాడు. కొడుకు మాత్రం చివర్లో జార్జ్ ఆఫీసుకొచ్చి సూటిగా నిలబడతాడు. ఆ ఒక్క సీనుకే నాకు కాస్త ఊపిరాడింది. కోడిపుంజు దృశ్యం రెండోసారి కూడా చూడలేక కళ్లు మూసుకున్నాను. పిల్లలతో కలిసి చూడకండి.

చూడదలచుకుంటే పెద్ద తెర మీద చూడండి, ఫోన్‌లో వద్దు. ఆఖరి దృశ్యం స్కూలు మెట్లు. పిల్లలు బయటికొస్తుంటారు, తల్లిదండ్రులు ఎదురు చూస్తుంటారు. ఎడమవైపు పియెరో, మజీద్ కొడుకు ఏదో మాట్లాడుకుంటారు, మాటలు వినపడవు. మొదటిసారి నేను వాళ్లను చూడనే లేదు. ఈసారి పక్కన కూర్చున్న మా ఆయన వేలు పెట్టి చూపిస్తే కనబడ్డారు.