పాత మిరప గింజల కోసం చిన్న తోటల వెంట

తరాలుగా గింజ దాచుకుంటూ వస్తున్న పాత మిరప రకాలు పెద్ద కంపెనీల ప్యాకెట్లలో దొరకడం అరుదు. వాటిని నిలబెడుతున్నది ఎక్కువగా చిన్న రైతులే. అలాంటి కొన్ని తోటలు తిరిగి చూశాను.

చూడగానే బాగా నచ్చే తోట రోడ్డు పక్కనే ఉంది. బండి పెట్టుకునే చోటుంది, రంగురంగుల ప్యాకెట్లున్నాయి, మాట్లాడేవాళ్లూ మర్యాదస్తులే. కానీ తీపి మిరప, కారం మిరప పక్కపక్క సాళ్లలో ఉన్నాయి, మధ్య వల లేదు. మిరప పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది గానీ, తేనెటీగలు పక్క మొక్క పుప్పొడీ తెచ్చి వేస్తాయి. ఆ కలగలుపు ఇప్పటి కాయలో కనిపించదు, ఆ గింజ నాటాకే బయటపడుతుంది. ప్యాకెట్ మీద కోసిన సంవత్సరం కూడా లేదు. మామూలుగా దాస్తే మిరప గింజకు రెండు మూడేళ్లకు మించి భరోసా ఉండదు కదా! అక్కడ ఏమీ కొనలేదు.

రెండో తోటకు దారి బాగోలేదు, ఫోన్ సిగ్నల్ అందదు. ఉన్నది ఒకే చిన్న గది, బాత్రూమ్ బయట. అయినా రాత్రి అక్కడే ఉండమంటాను. అసలు పని పొద్దున్నే చూడాలి. విచ్చబోయే మొగ్గలకు పల్చటి వల సంచులు తొడుగుతారు. పిందె పడ్డాక సంచి తీసేసి, కాడకు రంగు దారం కడతారు. విత్తనం కోసం తీసేది దారం కట్టిన కాయలే, అవీ పూర్తిగా పండాకే. గింజలు నీడలో ఆరాలి. వంచితే వంగకుండా పుటుక్కున విరిగితేనే ఆరినట్టు. ప్యాకెట్ మీద రకం, కోసిన సంవత్సరం, ఎన్ని మొక్కల నుంచి తీశారు, మొలక శాతం ఎంత, అన్నీ రాసి ఉన్నాయి. పొగాకు మొజాయిక్ వైరస్ మిరపకూ సోకుతుందని, సిగరెట్ తాగేవాళ్లను సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మొక్కల దగ్గరికి రానిస్తారు. ఆ పట్టుదల నాకెంతో నచ్చింది. కాప్సికం ప్యూబిసెన్స్ అనే మిరప జాతి కాయ కోసి నల్లటి గింజలు చూపించారు. అన్ని మిరపలకూ లేత పసుపు గింజలే అనుకునేవాళ్లు ఇది తప్పక చూడాలి.

కొత్తిమీర, తులసి లాంటి సువాసన మొక్కల తోటకు సగం రోజు చాలు, దగ్గరి ఊళ్లో లాడ్జిలో దిగొచ్చు. తులసి రకాలు ఒకదానితో ఒకటి కలుస్తాయని, ఆ తోట నడిపే ఆవిడ ఒక్కో సీజన్‌లో ఒక్క రకాన్నే పూతకు వదులుతారు. పెప్పర్‌మింట్ గింజలు అడిగితే లేవన్నారు. అది సంకర జాతి, మామూలుగా గింజ కట్టదట. వేరున్న కొమ్మ తడి గుడ్డలో చుట్టి ఇచ్చారు. లేనిదాన్ని లేదని చెప్పే మనిషి దగ్గర మిగతావి ధైర్యంగా కొనొచ్చు.

పోస్టులో పంపే సేవ ఈ చివరి రెండు చోట్లా ఉంది. వేరే దేశానికైతే ఆ దేశం అడిగే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (చీడపీడలు లేవనే ధ్రువపత్రం) లేకుండా పంపరు, మనమూ అడగకూడదు.

కాయలు పండే కాలంలో వెళ్తే రూపం, రంగు కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. రెండో తోటలో గది ఒక్కటే కాబట్టి ముందుగా రాసి అడగండి.