లల్లా ఎస్సాయిదీ ఫొటో పుస్తకం: ఒక మెహందీ డిజైనర్ మాట

గుంటూరు బ్రాడీపేటలో పెళ్లికూతుళ్లకు మెహందీ పెడతాను. ఆడవాళ్ల ఒంటి మీద గోరింటాకుతో రాసి ఫొటోలు తీసే లల్లా ఎస్సాయిదీ అనే ఆవిడ ఉన్నారని తెలిసి, ఆవిడ ‘లే ఫామ్ దు మరోక్’ (ఫ్రెంచిలో ‘మొరాకో స్త్రీలు’) పుస్తకం తెప్పించాను. కొరియర్‌లో అట్ట మూల నలిగింది, లోపల పేజీలు బాగానే ఉన్నాయి.

ఎస్సాయిదీ 1956లో మొరాకోలో పుట్టారు. ఆడవాళ్ల ముఖాల మీద, చేతుల మీద, కట్టుకున్న గుడ్డల మీద, వెనక గోడ మీద కూడా గోరింటాకుతో అరబిక్‌లో రాస్తారు. అక్కడ అందంగా రాసే కళ సంప్రదాయంగా మగవాళ్లది, గోరింటాకు ఆడవాళ్లది. ఆ రెండూ కలపడమే ఆవిడ ధైర్యం. అదీ కోన్‌తో కాదు, సిరంజితో! మా పనిలో చెయ్యి కాస్త వణికితే డిజైన్ పోతుంది. ఒక్క ఫొటో కోసం అన్ని సన్నని అక్షరాలు ఎంత ఓపికతో రాశారో నాకు తెలుస్తుంది.

1814లో ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ తూర్పు దేశపు అంతఃపుర స్త్రీని ఊహించి వేసిన నగ్న బొమ్మ ఉంది, అదే భంగిమలో ఎస్సాయిదీ ఒక ఫొటో తీశారు. ఈ ఫొటోలోని స్త్రీ మాత్రం గుడ్డ చుట్టుకుని ఉంటుంది, ఒంటి నిండా రాతే. పరాయి మగవాళ్లు ఊహించుకున్న అరబ్ స్త్రీకి ఇంతకన్నా గట్టి జవాబు నేను చూడలేదు. చూస్తుంటే కోపమూ గర్వమూ రెండూ వచ్చాయి.

లేత రంగులే ఎక్కువ కాబట్టి వరసగా తిప్పితే పేజీలు ఒకేలా అనిపిస్తాయి. రోజుకు నాలుగైదు చూడండి. ఫోన్‌లో మాత్రం వద్దు, అక్షరాలు కనిపించవు.