స్టిముపై: దృష్టి భ్రమల బొమ్మలను కొలతలతో గీసే పైథాన్ లైబ్రరీ

దృష్టి పరిశోధనలో ఫలానా బొమ్మ చూపించామని రాస్తే సరిపోదు. అది చూసేవారి కంటి దగ్గర ఎన్ని డిగ్రీల కోణం మేర కనిపించిందో, దానిలో ఏ భాగం ఎంత తీవ్రతతో ఉందో ఖచ్చితంగా చెప్పగలగాలి. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించి 2023లో ప్రచురించిన స్టిముపై అనే ఉచిత పైథాన్ లైబ్రరీ (పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో వాడుకునే సిద్ధమైన కోడ్ సమాహారం) ఆ పనికి నాకు ఎంతో అక్కరకు వచ్చింది. దీనిని నేను ముఖ్యంగా వైట్ భ్రమ కోసం వాడాను.

మైకేల్ వైట్ 1979లో ప్రకటించిన ఈ భ్రమలో నలుపు తెలుపు చారలుంటాయి. ఒక నల్లచారలోనూ ఒక తెల్లచారలోనూ ఒకే బూడిదరంగు ముక్కను పెడితే, నల్లచారలోనిది లేతగా, తెల్లచారలోనిది ముదురుగా కనిపిస్తాయి. నల్లచారలోని ముక్కకు పక్క అంచులు రెండూ తెలుపునే తాకుతాయి కనుక, పొడవాటి ముక్క విషయంలో మామూలు కాంట్రాస్ట్ సూత్రం (చుట్టూ తెలుపు ఉంటే ముదురుగా, నలుపు ఉంటే లేతగా కనిపించడం) ప్రకారం అది ముదురుగా కనిపించాలి. జరిగేది మాత్రం అందుకు సరిగ్గా విరుద్ధం. ఇలాంటి చోట చార వెడల్పు, ముక్క ఎత్తు అంచనాగా గీసినవైతే ఫలితానికి విలువ ఉండదు.

డిగ్రీలలో పరిమాణం, డిగ్రీకి పిక్సెళ్ళు, మొత్తం పిక్సెళ్ళు అనే మూడింటిలో రెండు ఇస్తే మూడవదానిని లైబ్రరీయే లెక్కిస్తుంది. మూడూ పొంతన లేకుండా ఇస్తే ఎర్రర్ చూపి ఆగిపోతుంది. మా తెర వెడల్పు సుమారు 53 సెం.మీ., అడ్డంగా 1920 పిక్సెళ్ళు. 57 సెం.మీ. దూరం నుంచి 1 సెం.మీ. దాదాపు 1 డిగ్రీ అవుతుంది కాబట్టి డిగ్రీకి 36 పిక్సెళ్ళు వచ్చాయి. డిగ్రీకి అర ఆవృత్తి, అంటే ఒక నలుపు తెలుపు చారల జత రెండు డిగ్రీలలో పట్టేలా, అని ఇవ్వగానే ఒక్కో చార 36 పిక్సెళ్ళతో చక్కగా అమరింది.

నాకు అన్నిటికంటే నచ్చినది, బొమ్మతో పాటే లక్ష్యభాగాల మాస్క్‌ను, అంటే బూడిదరంగు ముక్కలు ఏ పిక్సెళ్ళలో ఉన్నాయో చూపే పటాన్ని కూడా ఇవ్వడం. దాని సాయంతో రెండు ముక్కల విలువలను విడిగా తీసి ముద్రిస్తే రెండు చోట్లా 0.5 అనే వచ్చింది (0 అంటే నలుపు, 1 అంటే తెలుపు). అయినా తెరపై ఆ రెండూ ఒకటిగా కనిపించలేదు. విద్యార్థులకు భ్రమ గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. పూర్వపు పరిశోధన పత్రాలలోని బొమ్మలను కూడా అవే కొలతలతో తిరిగి పొందవచ్చు.

అయితే ఈ లైబ్రరీ పని బొమ్మను పిక్సెళ్ళ విలువలుండే సంఖ్యల పట్టికగా ఇవ్వడం దగ్గరే ముగుస్తుంది. ప్రయోగంలో బొమ్మను చూపించి జవాబులు నమోదు చేయడానికి సైకోపై వంటి సాధనం వేరుగా కావాలి. తెర ఇచ్చే కాంతి మనమిచ్చే సంఖ్యకు సమపాళ్ళలో పెరగదు, ఆ సంఖ్య ఎన్నో ఘాతంగా పెరుగుతుందో చెప్పేదే గామా. గామా 2.2 ఉన్న తెరను సరిచేయకుండా వాడితే 0.5 అనే బూడిదరంగు, గరిష్ఠ కాంతిలో సగం కాక దాదాపు 22 శాతమే ఇస్తుంది. కాబట్టి తరగతిలో చూపడానికి దీనిని నేరుగా వాడవచ్చు గాని, కొలతలు తీసే ప్రయోగానికి మాత్రం ముందుగా కాంతిని కొలిచే ఫోటోమీటరుతో తెరను సరిచేసుకోవాలి.