ఫాలౌట్ ఊళ్లలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ చూసి వచ్చేయాలి

వీపు మీద మోయలేనంత సామాను. ఏడెనిమిది తుపాకులు, చచ్చినవాళ్ల ఒంటి మీద నుంచి విప్పిన కవచాలు, ఎందుకు తీసుకున్నానో నాకే తెలియని కాఫీ కప్పులు. బరువు మితిమీరింది కాబట్టి పరుగెత్తడం కుదరదు, మ్యాప్ మీద నొక్కి ఊళ్లో దిగడమూ కుదరదు. ఒక కాలు విరిగింది. చీకటి పడుతోంది. అలాంటప్పుడు ఒక ఊరి గేటు కనబడితే, లోపల మంచం ఎంత దూరం? సామాను కొనేవాడు ఎంత దూరం? డాక్టర్ ఎంత దూరం? ఫాలౌట్ అనే వీడియో గేమ్ సిరీస్‌లోని ఊళ్లను నేను కొలిచేది ఈ మూడు ప్రశ్నలతోనే. అందం సంగతి తర్వాత.

ఈ సిరీస్ ఆడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. 2077 అక్టోబర్ 23న అణుయుద్ధం జరిగి అమెరికా బూడిదైపోతుంది. మిగిలిన శిథిలాల్లో జనం తుక్కు ఏరుకుని ఊళ్లు కట్టుకుంటారు. సీసా మూతలే డబ్బు, వాటిని క్యాప్స్ అంటారు. నేను మొదలుపెట్టింది 2008లో వచ్చిన మూడో భాగంతో. అందుకే వాషింగ్టన్ శిథిలాల నుంచి మొదలుపెడతాను. ముందే చెప్తున్నా, కథలో గుట్లు కొన్ని బయటపడతాయి.

వాల్ట్ 101 అనే భూగర్భ ఆశ్రయం తలుపు దాటి ఎండకి కళ్లు చికిలించుకుంటూ బయటికొస్తే, కాస్త దూరంలోనే మెగాటన్. పాత విమానాల రేకులతో కట్టిన గోడ, బయట పలకరించే ఒక రోబో. లోపలికి వెళ్తే ఊరంతా గిన్నెలా కిందికి జారుతుంది, అడుగున మడుగు, మడుగులో పేలని అణుబాంబు. దాన్ని దేవుడిగా కొలిచే ఆయన ఒకడు రేడియేషన్ నీళ్లలోనే నిలబడి రోజూ ప్రసంగిస్తుంటాడు. జనం మాత్రం పక్క నుంచి కూరల సంచీ పట్టుకుని వెళ్తున్నంత మామూలుగా వెళ్తుంటారు. నాకు మొదటిసారి టెన్షన్‌తో కాళ్లు ఆడలేదు. మూడో రోజుకి నేనూ దాన్ని చూడ్డం మానేశాను.

బస విషయంలో మెగాటన్‌కి మంచి మార్కులే పడతాయి. పేలుడు పదార్థాల నైపుణ్యం 25 ఉంటే బాంబుని నిర్వీర్యం చేయొచ్చు. షెరీఫ్ లూకాస్ సిమ్స్ కృతజ్ఞతగా ఒక ఇల్లు ఇస్తాడు, వాడ్స్‌వర్త్ అనే రోబో సేవకుడితో సహా. వాడ్స్‌వర్త్ మంచినీళ్లు ఇస్తాడు, జుట్టు కత్తిరిస్తాడు, అడిగితే జోకులు చెప్తాడు. జోకులు బాగుండవు. దుకాణం నడిపే మోయిరా బ్రౌన్ మాత్రం మనిషి కాదు, ఒక విపత్తు. బతకడం ఎలా అని పుస్తకం రాస్తోందట, అందుకోసం నన్ను రేడియేషన్ జబ్బు తెచ్చుకుని రమ్మంది. తెచ్చుకున్నాను. చాలా సంతోషించింది.

బాంబుని పేల్చే దారి కూడా ఉంది. పేలిస్తే టెన్‌పెన్నీ టవర్‌లో సూట్ ఇస్తారు. ఒక సేవ్‌లో ఆ పని కూడా చేసి చూశాను. గది పెద్దది, ఫర్నిచర్ దర్జాగా ఉంది, కానీ గేటు, లాబీ, లిఫ్ట్, వరండా దాటితే గానీ మంచం రాదు, ప్రతి తలుపు దగ్గరా లోడింగ్. పైగా బాల్కనీ నుంచి చూస్తే ఒక ఊరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అంత చేసినా మోయిరా చావదు, ఘూల్ అయి, అంటే రేడియేషన్‌తో ఒళ్లు పాడైపోయినా చావని మనిషై, తిరుగుతుంటుంది, అదే ఉత్సాహంతో. ఆ సేవ్ తీసేశాను.

రివెట్ సిటీ పేరు చాలామంది చెప్తారు. తుప్పుపట్టిన విమానవాహక నౌకలో ఊరు, నౌక రెండు ముక్కలై ముందుభాగం విడిగా పడి ఉంటుంది. మొదటిసారి ఇంటర్‌కామ్ నొక్కితే ఇనుప వంతెన గిర్రున తిరిగి మన ముందుకొస్తుంది. ఆ దృశ్యం కోసమైనా వెళ్లాలి. సదుపాయాలూ ఎక్కువే, హోటలుంది, క్లినిక్కుంది, కింది అంతస్తులో బారుంది, హ్యాంగర్‌లో పెద్ద మార్కెట్టుంది. మరి నాకెందుకు నచ్చలేదు? దారులు. అన్నీ ఒకే రంగు ఇనుప మెట్లు, ఒకేలాంటి తలుపులు. ఆయుధాల దుకాణం కోసం బయల్దేరి రెండుసార్లు బారులో తేలాను. మూడోసారి మార్కెట్ దొరికేసరికి రాత్రయింది, కొట్లలో ఒక్కరూ లేరు. సామానుతో అక్కడే నిలబడి తెల్లారేదాకా గడియారం తిప్పాను.

ఇక అసలు ఊరు. 2010లో వచ్చిన న్యూ వేగస్‌లో నోవాక్.

కథ మొదలయ్యే గుడ్‌స్ప్రింగ్స్ నుంచి వేగస్ ఉత్తరాన కళ్లెదుటే కనిపిస్తుంటుంది. దగ్గరే కదా అని నేరుగా వెళ్తే డెత్‌క్లాలు అనే రాక్షస మృగాలు నిమిషంలో చీల్చేస్తాయి. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ చీల్చాయి. కాబట్టి బుద్ధిగా దక్షిణానికి దిగి, ప్రిమ్ దాటి, నిప్టన్ దాటి చుట్టూ తిరిగి రావాలి. అలా వస్తుంటే ఎడారి రోడ్డు మీద దూరంగా ఒక రాక్షసబల్లి నిలబడి కనిపిస్తుంది. తుపాకి గురిపెట్టాను. కదల్లేదు. దగ్గరికెళ్తే బొమ్మ. డింకీ అని పేరు కూడా ఉంది. పొట్టలో గిఫ్ట్ షాపు, నోట్లో కాపలావాడు.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో మోటెల్ బోర్డు చూస్తే తెలుస్తుంది. నో వేకెన్సీ అన్న అక్షరాలు కొన్ని పోయి 'నో వాక్' మిగిలింది. గదులు ఖాళీ లేవన్న బోర్డే ఊరికి పేరైంది, గదులేమో ఖాళీగా ఉన్నాయి. 100 క్యాప్స్‌కి ఒక గది తీసుకున్నాను. ఒకసారి ఇస్తే చాలు, గది మనదే. మేడ మీద చిన్న గది, మంచం, సామాను దాచుకోవడానికి అల్మరా. ఊరి మధ్యలో దిగితే మెట్లు ఎక్కడమే. సొంత మంచం మీద నిద్రపోతే కొన్ని గంటల పాటు అనుభవం పాయింట్లు పది శాతం ఎక్కువ వస్తాయి. డాక్టర్ ఆడా స్ట్రాస్ ఊళ్లోనే ఉంటుంది. గిఫ్ట్ షాపు ఆవరణకి అటు పక్క.

లోపాలు లేవని కాదు. గిఫ్ట్ షాపు క్లిఫ్ బ్రిస్కో దగ్గర పెద్దగా డబ్బుండదు, నా సామానులో సగం కొనేసరికే పెట్టె ఖాళీ. అతనికీ ఒక బాధ ఉంది. వెనక గదినిండా అమ్ముడుపోని డింకీ బొమ్మలు. నేనొకటి కొన్నాను, దేనికీ పనికిరాదు, ఇంకా అల్మరాలోనే ఉంది.

మేనేజర్ జీనీ మే క్రాఫర్డ్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. పెద్దావిడ, ఎప్పుడూ తీయగా మాట్లాడుతుంది. రాత్రుళ్లు డైనోసార్ నోట్లో కాపలా కాసే బూన్ అనే స్నైపర్ భార్యని ఎవరో ఎత్తుకెళ్లి లీజియన్ అనే సైన్యానికి బానిసగా అమ్మారు, ఎవరో కనిపెట్టమని అతను మనల్ని అడుగుతాడు. నేను ఊరంతా అడిగి తిరిగాను. పిచ్చివాడిలా కనిపించే నో-బార్క్ నూనన్ చెప్పిందంతా కూడా విన్నాను, ఏమీ అర్థం కాలేదు. చివరికి కాగితం దొరికింది మోటెల్ లాబీలో, కౌంటర్ వెనకాల సేఫ్‌లో. అమ్మకం పత్రం. కింద ఆవిడ సంతకం. నాకు గది తాళం ఇచ్చిన చేత్తోనే. ఆవిణ్ణి రాత్రిపూట డైనోసార్ ముందుకి పిలుచుకెళ్లి బూన్ ఇచ్చిన ఎర్ర టోపీ పెట్టుకుంటే మిగిలింది అతను చూసుకుంటాడు. ఆ తర్వాత మేనేజర్ లేని మోటెల్‌లో నేనొక్కడినే అద్దెకున్నాను. ఆ సంగతి తెలిశాక కూడా బస మార్చలేదంటే ఆ ఊరు నాకెంత అలవాటైపోయిందో మీరే చూడండి.

కాసినోల వీధి వేగస్ స్ట్రిప్ దీనికి పూర్తిగా ఉల్టా. గేటు దగ్గర రోబోలు మన దగ్గర 2000 క్యాప్స్ ఉన్నాయో లేదో చూస్తాయి. తీసుకోవు, ఉందని తేలితే చాలు. లేకుండా పరుగెత్తి దూరితే కాల్చేస్తాయి. లోపల లైట్లు బ్రహ్మాండం. కాసినో గుమ్మంలోనే ఆయుధాలు తీసేసుకుంటారు. టేబుల్ దగ్గర గెలుస్తూ పోతే మొదట డ్రింక్, తర్వాత భోజనం, తర్వాత గది, చివరికి మర్యాదగా 'ఇక మీరు ఆడొద్దు' అంటారు. గది అలవాటయ్యేలోపే ఆట అయిపోతుంది. లక్కీ 38 కాసినో పైన ప్రెసిడెన్షియల్ సూట్ దొరికితే తోటివాళ్లందరినీ ఒకచోట పెట్టుకోవచ్చు. ఆ ఒక్క సౌకర్యం నోవాక్‌లో లేదు, ఒప్పుకుంటాను. స్ట్రిప్‌లో నాకు నిజంగా నచ్చింది వాల్ట్ 21. గొడవలన్నీ జూదంతోనే తేల్చుకునే జనం ఉండేవాళ్లు, స్ట్రిప్‌ని ఏలే మిస్టర్ హౌస్ ఆ వాల్ట్‌ని కూడా వాళ్ల దగ్గర జూదంలోనే గెలుచుకుని కింది భాగమంతా కాంక్రీటు పోయించేశాడు. పైన మిగిలింది ఇప్పుడు హోటలు.

2015లో వచ్చిన నాలుగో భాగం బోస్టన్‌లో జరుగుతుంది. డైమండ్ సిటీ అంటే ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ స్టేడియమే. మెట్లెక్కి మొదటిసారి మైదానంలోకి చూస్తే రేకు గుడిసెలు, పొగ, మధ్యలో నూడుల్స్ కొట్టు. ఆ కొట్టు నడిపే రోబో టకహాషికి ఒకటే జపనీస్ వాక్యం వచ్చు, ఏం కావాలని అడుగుతుంది. మీరు ఏం జవాబు చెప్పినా నూడుల్సే పెడుతుంది. మో క్రోనిన్ అనే ఆయన బేస్‌బాల్ అంటే రెండు జట్లు బ్యాట్లతో కొట్టుకుని చచ్చే ఆట అని గట్టిగా నమ్ముతూ బ్యాట్లు అమ్ముతాడు. సరిదిద్దబోయాను, వినలేదు. డగౌట్ ఇన్‌లో గది 10 క్యాప్స్. వదీమ్ గోలగోలగా సారా పోస్తుంటే అతని సోదరుడు యెఫీమ్ ముభావంగా తాళం ఇస్తాడు. కొట్లన్నీ చుట్టూ గుండ్రంగా ఉన్నాయి కాబట్టి నా మూడు ప్రశ్నలకీ ఈ ఊరు నోవాక్ కన్నా మంచి జవాబిస్తుంది.

అయినా మనసు ఒప్పుకోదు. ఈ ఊరివాళ్లు ఘూల్స్‌ని గెంటేశారు. పై స్టాండ్స్‌లో ఉండే డబ్బున్నవాళ్లు కిందివాళ్లని చూసే చూపు కూడా అదే రకం. అలా బయటపడ్డ ఘూల్స్ చేరిన గుడ్‌నైబర్ నాకు ఎక్కువ నచ్చింది. గేటు దాటగానే ఒకడు ఇన్సూరెన్స్ పేరుతో డబ్బు గుంజబోయాడు. మేయర్ హాంకాక్, తనూ ఘూలే, నాకు స్వాగతం చెప్తూనే వాణ్ణి పొడిచేశాడు. కస్టమర్ సర్వీస్ అంటే అదీ. పాత సబ్‌వే స్టేషన్‌లో ఉన్న థర్డ్ రైల్ బారులో మాగ్నోలియా పాడుతుంటే పనేమీ లేకుండా అరగంట కూర్చున్నాను. ఈ సిరీస్ మొత్తంలో నేను ఊరికే కూర్చున్న చోటు అదొక్కటే.

దగ్గర్లోనే యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ తప్పక చూడండి. అసలు ఓడ 1797లో నీళ్లలోకి దిగింది, ఇప్పటికీ బోస్టన్‌లోనే ఉంది. ఆటలో అది రాకెట్లు తగిలించుకుని ఒక బ్యాంకు భవనం మీద ఇరుక్కుపోయి ఉంటుంది. కెప్టెన్ ఐరన్‌సైడ్స్, సిబ్బంది అంతా రోబోలే, ఓడ సముద్రానికి బయల్దేరబోతోందని పూర్తి నమ్మకం. బస లేదు, కొట్టు లేదు. రెండు గంటలు ఎలా గడిచాయో తెలియదు.

ఫాలౌట్ 76లో వైట్‌స్ప్రింగ్ రిసార్ట్ గురించి ఒక్క మాట. వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రయర్ హోటల్‌కి నకలు అది. ఆ నిజం హోటల్ కింద అమెరికన్ కాంగ్రెస్ కోసం రహస్య బంకరు ఉండేదని 1992లో బయటపడింది. ఆటలో పచ్చిక ఇప్పటికీ రోబోలు కత్తిరిస్తుంటాయి, గోల్ఫ్ క్లబ్‌లో మాత్రం ఘూల్స్ మీద పడతాయి. ఫోటోలకి బాగుంటుంది.

ఇన్నేళ్లకి ఇప్పుడు మొదటి భాగం పట్టుకున్నాను, 1997 నాటిది. కథాకాలం 2161, షేడీ శాండ్స్ ఇంకా పశువులు, పంట చేలు ఉన్న చిన్న పల్లె. రెండో భాగం నాటికి అదే ఒక రిపబ్లిక్‌కి రాజధాని అవుతుందని తెలిసి ఆ వీధుల్లో తిరుగుతుంటే గమ్మత్తుగా ఉంది. జంక్‌టౌన్‌లో గేటు దగ్గరే చేతిలో తుపాకి లోపల పెట్టమన్నారు. పెట్టాను. ఇక్కడ నా కొలతలేవీ పనిచేయడం లేదు. వాల్ట్ 13కి 150 రోజుల్లో వాటర్ చిప్, అంటే నీటి యంత్రానికి కావాల్సిన భాగం, తెచ్చివ్వాలి, నిద్రపోయిన ప్రతి రాత్రీ ఆ లెక్కలోంచి పోతుంది. హబ్ అనే ఊళ్లో నీళ్ల వ్యాపారులకి డబ్బు కడితే ఇంకో 100 రోజులు దొరుకుతాయట, నా జేబులో అంత లేదు. కాలు విరిగే ఉంది, ఎదురుగా హోటలుంది, గది ఖాళీగా ఉంది. 58 రోజులు మిగిలాయి. నడుస్తున్నాను.